ఆదివారం స్కోరు రాసిన వేసవి

ఎంటెక్ అయిపోయాక ఎనిమిది నెలల్లో నేను నూట అరవై మూడు మందికి మెసేజ్‌లు పెట్టాను. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. స్ప్రెడ్‌షీట్‌లో పేరు, కంపెనీ, ఎట్లా పరిచయం, పంపిన తేదీ, జవాబు అని అయిదు గడులు పెట్టుకుని నింపుతూ వచ్చాను. 'ఎట్లా పరిచయం' అన్న గడిలో చాలా వరకు 'పరిచయం లేదు' అనే ఉండేది. పదకొండు మంది 'తప్పకుండా, రెజ్యూమె పంపండి' అన్నారు. పంపాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఒకాయన బొటనవేలు బొమ్మ మాత్రం పెట్టాడు. దాన్ని జవాబు కింద లెక్కేయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

నేను వెతుకుతున్న పని పేరు వెరిఫికేషన్. ఒక ఇంజనీరు చిప్‌ను డిజైన్ చేస్తాడు. అది తయారీకి వెళ్లేలోపు అందులో తప్పులు ఎక్కడున్నాయో ఇంకొక ఇంజనీరు వెతికి పట్టుకోవాలి. ఆ రెండోవాడిని కావాలనుకున్నాను. హైదరాబాద్‌లో ఆ పని చేసే కంపెనీలు ఉన్నాయి గానీ కొత్తవాళ్లను తీసుకునేది తక్కువ, తీసుకున్నా తాజాగా పాసైన బ్యాచ్‌నే అడుగుతారు. జూన్ దాటితే మా తర్వాతి బ్యాచ్ బయటికి వస్తుంది. అప్పుడు నేను కొత్తవాడిని కాను, అనుభవం ఉన్నవాడినీ కాను. మామూలుగా దరఖాస్తు పెడితే మనిషి కంట పడకుండానే పోతుంది. లోపల పనిచేసేవాళ్లు ఎవరైనా మన పేరుతో రిఫరల్ ఫారం నింపితేనే ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. మార్చి నెల మొదలయ్యేసరికి నాకు మిగిలింది నాలుగు నెలలు, కావలసింది ఒక్క ఫారం.

మా ఇల్లు ముషీరాబాద్‌లో. బాపు, అంటే మా నాన్న, అక్కడే ఒక పెయింట్ల దుకాణంలో పనిచేస్తాడు. రెండు గదుల్లో అయిదుగురం కాబట్టి నేను తార్నాకలో ఒక స్నేహితుడితో కలిసి గది తీసుకున్నాను. వాడు ఎంఏ చేసి, సర్కారు కొలువు కోసం పొద్దున ఏడింటికే యూనివర్సిటీ లైబ్రరీలో కుర్చీ పట్టుకునేవాడు. ఒకరోజు నా మెసేజ్ చూపించమన్నాడు. చూపించాను. 'గౌరవనీయులైన సర్, నేను అత్యంత ఉత్సాహవంతుడైన అభ్యర్థిని' అని ఇంగ్లీషులో మొదలయ్యేది.

"ఏంది రా ఇది? మనిషికి రాస్తున్నవా, కరెంటాఫీసుకు అర్జీ పెడ్తున్నవా?" అన్నాడు.

"ఇట్లనే రాయాలె. అందరు ఇట్లనే రాస్తరు."

"అందుకే అందరికి నౌకరీలు లేవు. మీ కాలేజీ సీనియర్లు ఆదివారం పొద్దుగాల గ్రౌండ్‌ల క్రికెట్ ఆడ్తరు, ఎరుకేనా? అందరు కంపెనీలల్ల ఉన్నోళ్లే. పొయ్యి ఆడరాదు?"

"నాకు బ్యాట్ పట్టుడు రాదు భాయ్."

"పట్టకు. రాయొస్తది గదా? ప్రతి వారం స్కోరు కాడ కొట్టుకుంటరు వాళ్లు. పొయ్యి స్కోరు రాయి." ఆగి, వేలు చూపించి మరీ అన్నాడు, "మొదటి దినమే రెజ్యూమె తీసినవనుకో, బాల్ తీసుకుని కొడ్తరు."

అట్లా మార్చి రెండో ఆదివారం పొద్దున ఆరింటికి నూరు పేజీల లాంగ్ నోట్‌బుక్, రెండు పెన్నులతో క్యాంపస్ గ్రౌండ్‌కు వెళ్లాను. కార్లు, బండ్లు చెట్ల కింద నిలిపి ఉన్నాయి. ఇరవై ఇద్దరికి ఒకరిద్దరు తక్కువగా ఉన్నారు. పొట్టలు వచ్చినవాళ్లు, జుట్టు పలచబడ్డవాళ్లు. టీముల పేర్లు పాత హాస్టల్, కొత్త హాస్టల్. హాస్టల్ వదిలి పదేళ్లు దాటినా, గచ్చిబౌలి నుంచి, మియాపూర్ నుంచి నిద్రమానుకుని వచ్చి ఎవరి హాస్టల్‌కు వాళ్లే ఆడతారు. ఒకాయన రెండు హాస్టళ్లలోనూ ఉన్నాడట. ఆయన్ను ఎవరూ నమ్మరు, అంపైర్‌గా మాత్రం పెడతారు. పన్నెండు ఓవర్లు, టెన్నిస్ బంతి. ఓడినవాళ్లు హబ్సిగూడలోని ఒక టిఫిన్ సెంటర్‌లో అందరికీ ఇడ్లీ, వడ తినిపించాలి.

మొదటి వారం పాత హాస్టల్ కెప్టెన్ నన్ను ఎగాదిగా చూశాడు. నలభైకి దగ్గర వయసు, మోకాలికి పట్టీ, పెద్ద గొంతు.

"ఎవరు తమ్మీ నువ్వు? ఏ హాస్టల్?"

"డే స్కాలర్‌నన్నా. స్కోరు రాద్దామని వచ్చిన."

"డే స్కాలరా! అరే, దొరికిండు రా మనకు. ఏ పార్టీ కాదు. కూసో, కూసో."

నేను రాసే పద్ధతి చూసి మొదట నవ్వారు. ప్రతి బంతికీ ఒక అంకె. ఎడమ పేజీలో బ్యాటింగ్ చేసినవాళ్ల పరుగులు, కుడి పేజీలో బౌలర్లు ఇచ్చిన పరుగులు. మా ఆటలో బ్యాట్‌కు తగలని బంతికి తీసే బైలు లెక్కలోకి రావు కాబట్టి, వైడ్లు, నోబాల్స్ కలుపుకున్నాక రెండు పేజీల మొత్తాలూ ఒకటే రావాలి. ప్రతి ఓవర్ చివర రెండూ కూడి చూసుకుని, గట్టిగా స్కోరు చెప్పేవాడిని. మూడో వారానికి గొడవలు ఆగిపోయాయి. ఎవరైనా గొంతు పెంచితే పక్కవాడు "పుస్తకం చూడు పో" అనేవాడు. కొత్త హాస్టల్ కెప్టెన్, నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఒకసారి నా భుజం తట్టి, "తమ్ముడొచ్చినంక అరుసుడు బందైంది. గొంతు మంచిగైంది నాకు" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత నేను పనికొచ్చేవాడినని ఒకరు చెప్పడం అదే మొదలు.

టిఫిన్ దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఉద్యోగం గురించి అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. చట్నీ గిన్నె అటుఇటు జరుపుతూ, "మా టీమ్‌ల ఇద్దరు పోయిండ్రు, పని ఆగింది" అని ఒకరంటారు. "ఏం ఎక్స్‌పీరియన్స్ కావాలె?" అని ఇంకొకరు. అంతే. మరుసటి నెలకు ఆ కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు. నేను రాసిన నూట అరవై మూడు మెసేజ్‌లలో లేనిది ఆ 'పని ఆగింది' అన్న మాట. వాళ్ల ఇబ్బంది ఏమిటో వినకుండానే నా ఇబ్బంది చెప్పుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ చివరలో పాత హాస్టల్ కెప్టెన్ తనంతట తానే అడిగాడు.

"ఏం చదివినవ్ తమ్మీ?"

చెప్పాను.

"వెరిఫికేషన్ జేస్తవా? మరి ఇన్ని వారాల సంది నోరు తెరవవేంది? మా దగ్గర జూన్‌ల ఇద్దరిని తీస్కుంటున్నం. నా డిజైన్‌లనే చెక్ చేయాలె. రెజ్యూమె పంపు, రిఫరల్ నేనే నింపుత. వచ్చే ఆదివారం కూసుని మాట్లాడుదాం."

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "మా సేటు కొడుకుకు కంప్యూటర్ల దుకాణమున్నది, ఆయన్ను గూడ అడుగుత తీ" అన్నాడు. ఎప్పుడూ ఆ మాటకు విసుక్కునేవాడిని. ఆ రోజు అడగమనే అన్నాను.

ఆ వచ్చే ఆదివారమే నేను తప్పు చేశాను.

కొత్త హాస్టల్ ఎనభై ఏడు కొట్టింది. పాత హాస్టల్‌కు ఎనభై ఎనిమిది కావాలి. పదకొండు ఓవర్లకు డెబ్భై తొమ్మిది. ఆఖరి ఓవర్‌లో తొమ్మిది. మొదటి బంతికి ఒకటి. రెండో బంతికి కెప్టెన్ ఫోర్ కొట్టాడు. మూడో బంతి ఆయనే కొట్టి, నొప్పి మోకాలితోనే రెండు పరుగులు తీశాడు. కానీ మొదటి పరుగు పూర్తిచేసి వెనక్కి తిరిగేటప్పుడు ఆయన బ్యాట్ గీత దాకా రాలేదు. అంపైర్ వేళ్లతో భుజం తాకి షార్ట్ రన్ అని సైగ చేశాడు. అంటే ఒకటే. నేను చూశాను, 1 అని రాశాను. అవతలి కొసకు పరుగెత్తుతున్న కెప్టెన్ చూడలేదు. నాలుగో బంతి ఖాళీ. అయిదో బంతికి ఒకటి, ఆరో బంతికి ఒకటి. నా పుస్తకంలో ఎనభై ఏడు. ఎవరూ గెలవలేదు, ఓడలేదు.

కెప్టెన్ మాత్రం బ్యాట్ పైకెత్తి అరుస్తూ వస్తున్నాడు. "ఎనభై ఎనిమిది! కొట్టేసినం! తమ్మీ, ఎంత? చెప్పు అందరికి, ఎంత?"

కొత్త హాస్టల్ వాళ్లలో ఒకరిద్దరు షార్ట్ అన్నారు, మిగతావాళ్లు గమనించలేదన్నారు. అంపైర్ ఆఖరి బంతి పడగానే, ఇంటికి చుట్టాలు వచ్చారని, బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఇంతకుముందైతే ఆయనకు ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు పుస్తకం ఉంది కాబట్టి ఎవరూ ఫోన్ తీయలేదు. ఇరవై మంది నా వైపు చూశారు. నేను కెప్టెన్ మొహమే చూశాను. చూస్తూనే పెన్నుతో ఆ 1 తలమీద చిన్న వంపు, కింద ఒక గీత పెట్టాను.

"ఎనభై ఎనిమిది అన్నా" అన్నాను.

షార్ట్ అని వాదిస్తున్న తనవాళ్లను కొత్త హాస్టల్ కెప్టెన్ చేయి అడ్డం పెట్టి ఆపాడు. "తమ్ముడు చెప్పిండు గదా. అయిపోయింది. నడువుండ్రి, ఇడ్లీలు సల్లారుతయి."

టిఫిన్ సెంటర్‌లో పాత హాస్టల్ కెప్టెన్ చేయి కడుక్కుని వచ్చి, దోసె కోసం ఎదురుచూస్తూ నా పుస్తకం తిప్పసాగాడు. పెదవులు కదుపుతూ ఎడమ పేజీ కూడాడు. తర్వాత కుడి పేజీ. కుడి పేజీ నేను మార్చలేదు. ఆఖరి ఓవర్ వేసిన బౌలర్ ఎదురుగా అలాగే ఎనిమిది ఉంది. ఆయన కూడటం ఆపి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. పుస్తకం మూసి నా ముందు పెట్టి, దోసె తిన్నాడు.

బయట కారు దగ్గరికి రమ్మన్నాడు.

"బ్యాటింగ్ ఎనభై ఎనిమిది. బౌలింగ్ ఎనభై ఏడు. ఏది కరెక్ట్?"

"ఎనభై ఏడన్నా. అంపైర్ షార్ట్ ఇచ్చిండు. మీరు చూడలే."

"మరి గాడ ఎందుకట్ల చెప్పినవ్?"

"మీరు అడిగిండ్రు గదన్నా."

"నేనడిగింది ఎంత అని. ఎనభై ఎనిమిది అని చెప్పమన్ననా?" కారు తలుపు తెరిచి, మళ్లీ మూశాడు. "తమ్మీ, నేను డిజైన్ చేస్త. నాది తప్పైతే తప్పని నాకు చెప్పెటోడే కావాలె. నేను అరుస్త, నా గొంతే అట్లుంటది. రేపు ఆఫీసుల నేను అరిస్తే నువ్వు ఇట్లనే వంకర గీస్తే, ఆ చిప్ తయారై వచ్చినంక ఎవల్ని అడగాలె?"

నేల చూస్తూ నిలబడ్డాను.

ఆయన గొంతు తగ్గించాడు. "కోపం గాదు. కొలువు లేనోడు ఎట్లుంటడో నాకు ఎరుకే. సిఫారసు చేస్తడని ఏడాది పొడుగునా మా ప్రొఫెసర్ చెప్పిన ప్రతి జోకుకు నవ్విన నేను. ఒక్కటి గూడ సమజ్ గాలే. కాని ఈ ఫారం ఇప్పుడు నింపలేను. మనసొస్తలేదు."

గదికి వచ్చి రూమ్మేట్‌కు అంతా చెప్పాను. వాడు చదువుతున్న పుస్తకం బోర్లించి నన్ను చూశాడు.

"లోకంల లంచమిచ్చి కొలువు కొన్నోళ్లను చూసిన. ఒక్క పరుగు ఇచ్చి కొలువు పోగొట్టుకున్నోన్ని నిన్నే చూస్తున్న."

"ఏం జేయాలె రా ఇప్పుడు?"

"ఏం జేస్తవ్, పొయ్యి చెప్పు. ఆయనకు గాదు, అందరికి."

వాడికి చెప్పడం సులువు. ఆ వారమంతా నేను రెండు వైపులా లెక్క వేసుకున్నాను. చెప్పకపోతే, ఆదివారాలు మిగులుతాయి. కొత్త హాస్టల్ వాళ్లలో కూడా ముగ్గురు చిప్ కంపెనీల్లో ఉన్నారు, ఎప్పటికైనా ఒకరు అడగవచ్చు. చెబితే, ఆ ముగ్గురూ పోతారు. పైగా గెలవని ఆటను గెలిచానన్నందుకు కెప్టెన్ అందరి ముందూ పలుచనవుతాడు, ఆయన ఫారం ఇక ఎప్పటికీ రాదు. ఎటు చూసినా చెప్పకపోవడమే లాభంగా కనిపించింది. కానీ, కొత్త హాస్టల్ కెప్టెన్ చేయి అడ్డం పెట్టి తనవాళ్లను ఆపిన దృశ్యం ఏ లెక్కలోనూ పట్టడం లేదు. ఆయన తన మనుషుల మాట కన్నా నా మాట ముందు పెట్టాడు. బుధవారం నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

ఆదివారం టాస్ వేయబోతుంటే అడ్డం వెళ్లాను.

"అన్నా, ఒక్క నిమిషం. పోయిన వారం స్కోరు ఎనభై ఏడే. టై అయింది. అంపైరన్న షార్ట్ ఇచ్చిండు, నేను ఒకటి రాసి తర్వాత రెండు చేసిన. ఎవరు చెయ్యమనలే. నేనే చేసిన."

అందరూ ఒకేసారి మొదలుపెట్టారు.

"నేను చెప్పలే? షార్ట్ అని చెప్పలే నేను?"

"మా ఇడ్లీలు వాపస్ తెండ్రి రా!"

"ఇడ్లీలా? వడలు గూడ! నాలుగు తిన్నడు మీ కీపర్!"

అంపైర్ నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. "అవును, ఇచ్చిన షార్ట్. చుట్టాలల్ల పడి మర్చిపోయిన."

కొత్త హాస్టల్ వాళ్లలో ఒకాయన పాత హాస్టల్ కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "స్కోరర్‌ను గూడ కొనుక్కున్నవా అన్నా? పాత హాస్టల్ బుద్ధి పోనిచ్చినవ్ గాదు" అన్నాడు. సగం నవ్వే, సగం కాదు. నేను భయపడ్డది ఇదే. కెప్టెన్ మొహం ఎర్రబడింది. నన్ను తిడతాడనుకున్నాను.

"కొనలే. అరిచిన" అన్నాడు ఆయన. "మీద పడి ఎంత ఎంత అని అరిస్తే పిల్లగాడు బెదిరిండు. ఆ దినమే నాకు ఎరుకైంది, నేను గూడ చెప్పలే. నాది గూడ తప్పే. ఇయ్యాల టిఫిన్ మాది, గెలిచినా ఓడినా."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. నిజం తెలిసీ ఆ వారమంతా ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం ఒకే బరువు మోశాం.

కొత్త హాస్టల్ కెప్టెన్ మాత్రం నవ్వకుండా బ్యాగులోంచి ఒక పాత డైరీ తీసి, గాయంతో ఆడలేకపోతున్న తన మనిషికి ఇచ్చి, "నువ్వు గూడ తమ్ముని పక్కన కూసుని రాయి. ప్రతి ఓవర్‌కు ఇద్దరిది కలవాలె" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏమనుకోకు" అన్నాడు. ఆ ఒక్క మాట తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. ఆ రోజు పక్కన కూర్చున్నాయన ప్రతి ఓవర్‌కూ నా పేజీలోకి తొంగి చూశాడు. చూడనిచ్చాను.

టిఫిన్ దగ్గర ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఇక ఆ ఆశ వదులుకున్నాను. గదికి వెళ్లి రూమ్మేట్‌తో, బాపు సేటు కొడుకు దుకాణంలో ప్రింటర్లు బాగుచేసే పని ఉందట, చేరతానని చెప్పాను.

ఆ బుధవారం మధ్యాహ్నం తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. పాత హాస్టల్ కెప్టెన్.

"తమ్మీ, పుట్టిన తేదీ మెమోల ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఎంటెక్ మార్కులు అడిగాడు. చెప్పాను. కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఏం చేస్తున్నాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

"'అభ్యర్థి మీకు ఎట్ల తెలుసు' అని ఒక గడి ఉన్నది. ఏం రాయాలె?"

"క్రికెట్ అన్నా."

"నువ్వు ఒక్క బాల్ గూడ ఆడలే, క్రికెట్ ఎట్ల రాస్త?" మళ్లీ కీబోర్డు చప్పుడు. "'తన తప్పును తనే నలుగురి ముందు చెప్పిన మనిషి' అని రాస్తున్న. చెప్పెతందుకు ఏడు దినాలు పట్టిందని రాస్తలేను. ఆ గడి లేదు."

నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. మెట్ల పక్కకు జరిగి నిలబడ్డాను. దిగేవాళ్లు భుజాలు తగిలించుకుంటూ పోతున్నారు.

"అన్నా, పోయిన వారం మనసొస్తలేదన్నరు."

"పోయిన వారం రాలే. విను, ఇది తలుపు దాకనే. లోపల పరీక్ష నువ్వే రాయాలె, ఇంటర్వ్యూల నేనుండ. ఆడ ఆగమైతే నన్ను అనకు. పెట్టేసిన. పొయ్యి చదువుకో."

ఒక పరీక్ష, మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి. రెండో ఇంటర్వ్యూ బాగా చేయలేదు. జూన్ ఆఖరి శుక్రవారం, నాలుగు రోజులు మిగిలి ఉండగా, ఆఫర్ వచ్చింది. ముందు ఆరు నెలలు ట్రైనీగా, తర్వాత చూస్తామన్నారు. బాపుకు ఫోన్ చేస్తే, దుకాణంలో రంగు కలిపే యంత్రం చప్పుడులో రెండుసార్లు చెప్పించుకున్నాడు. రూమ్మేట్ లైబ్రరీ నుంచి బయటికి వచ్చి మరీ నన్ను వీపు మీద గుద్ది, మళ్లీ తన కుర్చీ పోతుందని లోపలికి పరుగెత్తాడు.

ఆదివారం గ్రౌండ్‌లో చెప్పాను. అందరూ చేయి కలిపారు. కొత్త హాస్టల్ కెప్టెన్ కూడా. "మంచిగైంది తమ్ముడు" అన్నాడు, నిజంగానే సంతోషపడుతూ. "ఇంతకు స్కోరు రాస్తవా, ఇగ రావా?"

"వస్తనన్నా. ప్రతి వారం వస్త."

ఆయన తలూపి, బ్యాగులోంచి ఆ పాత డైరీ తీసి నా పక్కన కూర్చునే ఆయన చేతికిచ్చాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఇస్తాడు. నేనూ ఎప్పుడూ వద్దనలేదు. ఓవర్ అయిపోగానే ముందు నేనే నా పుస్తకం పక్కాయన వైపు తిప్పుతాను.